ఎవరిదీ కాని జాగా

మా అక్క కొడుకు విశ్వతేజ లా చదువుతున్నాడు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా నాకు ఒక పాఠం చెప్పందే వెళ్ళడు. పూర్వం రాజూ లేడు, పోలీసూ లేడు, ఇది నాది అది నీది అన్న మాటే లేదట. ఒకళ్ళంటే ఒకళ్ళకి భయం పుట్టి, ఆ భయంతో బతకలేక అందరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారట. ఆస్తి అనేది అప్పుడు పుట్టిందట. "ఆ మీటింగు ఎక్కడ జరిగిందిరా? ఎవరు పిలిచారు? టీలు ఎవరు పోశారు?" అని అడిగాను. "పిన్నీ, అది నిజంగా జరిగింది కాదు, ఒక ఊహ" అన్నాడు. ఊహేమిటి నా మొహం! రాంగోపాల్‌పేట్‌లో మా షాపు ముందర ఫుట్‌పాత్ మీద జరిగింది. నేను మిషన్ తొక్కుతూ కళ్ళారా చూశాను. మీటింగూ లేదు, టీలూ లేవు. బ్రహ్మచారి అనే ఒక పిరికిమనిషికి షుగర్ జబ్బు ఉండబట్టి జరిగింది.

నాది చీరలకు ఫాల్, పీకో కుట్టే చిన్న షాపు. షట్టరు ఎత్తితే ఎదురుగా ఫుట్‌పాత్. నా గుమ్మానికి కాస్త ఎడమగా గోనెపట్టా పరుచుకుని, ముందు చిన్న ఇనప పెట్టె పెట్టుకుని బ్రహ్మచారి తాళంచెవులు చేస్తాడు. భార్య భవాని, కాలేజీకి వెళ్ళే కూతురు హిమజ, చిలకలగూడలో ఒక గది. ఆ ముగ్గురి తిండీ, చదువూ, అద్దే ఆ గోనెపట్టా మీంచే రావాలి. ఆ పట్టా పరిచే చోటు పోతే ఇంక అతనికి ఇంకో పని రాదు, ఇంకో చోట ఎవరూ రానివ్వరు.

భయపడడంలో అతనికి సాటి వచ్చేవాళ్ళని నేను చూడలేదు. కుక్క మొరిగితే భయం. బేరం గట్టిగా ఆడితే భయం. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఖాకీ చొక్కా వేసుకుని దారిన పోతుంటే కూడా లేచి నిలబడేవాడు. మొదట్లో నేను నవ్వేదాన్ని. తర్వాత వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. నాన్న కూడా ఆ చోటే కూర్చుని తాళంచెవులు చేసేవాడట. ఎవడో సబ్బుబిళ్ళ మీద అచ్చు తీసుకొచ్చి చెవి చేయమంటే చేశాడు. ఆ చెవితో ఒక ఇల్లు దోచుకున్నారు. పోలీసులు నాన్నని తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక ఆ కుడిచెయ్యి మళ్ళీ తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టలేదట. అప్పట్నుంచీ బ్రహ్మచారి సబ్బు చూపించినవాళ్ళకి దణ్ణం పెట్టి, "తాళమే తీస్కరా అన్నా, నాతోని కాదు" అని పంపించేస్తాడు. ఊరందరి ఇళ్ళకీ తాళంచెవులు చేసే మనిషి, తన చోటుకి మాత్రం తలుపు కూడా లేనివాడు, భయపడక ఏం చేస్తాడు చెప్పండి.

అసలు గొడవ మురికినీళ్ళ కాలువ పనులతో మొదలైంది. అంతకుముందు ఫుట్‌పాత్ మీద ఎవరి చోటు ఎవరిదో అందరికీ తెలుసు. కరెంటు స్తంభం నుంచి పగిలిన బండ దాకా వాచీలు బాగుచేసే జకర్యాది. అక్కణ్ణుంచి బ్రహ్మచారిది. అతని పక్కన, అత్తగారి కాలం నాటి నల్లరాయి మీద కూర్చుని పూలమ్మే బాలమ్మది. కాగితం ముక్క లేదు. అయినా ఎవరూ ఎవరి చోట కూర్చోరు. కాలువ కోసం తవ్వినప్పుడు స్తంభం తీసేశారు, బండలు తీసేశారు, బాలమ్మ నల్లరాయి మట్టితోపాటు లారీ ఎక్కి పోయింది. నెలల తరబడి అందరూ చెట్టుకొకరు పుట్టకొకరుగా బతికారు. పని అయ్యాక చూస్తే ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకేలాంటి ఎర్ర టైల్సు. ఎవరిది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఒక్క గుర్తు మిగల్లేదు.

అడ్డం పెట్టిన రేకులు తీసింది మంగళవారం నాడు. మంగళవారం కొత్త చోట కూర్చోనని బాలమ్మ పట్టుబట్టింది. ముందురోజే వచ్చి, "బ్రహ్మయ్యా, రేపొక్కనాడు నా జాగ చూస్తుండు కొడుకా. బుధవారం పొద్దుగాల వస్త" అని చెప్పింది. "ఫికర్ చెయ్యకు అవ్వా. నా సంచి పెడత" అన్నాడు. అన్నట్టే తన పక్కన సంచి పెట్టాడు. ఆ ఉదయం బాబూరావు కొబ్బరిబోండాల బండి తోసుకుంటూ వచ్చాడు.

బాబూరావుని అంతకుముందు ఎవరం చూడలేదు. కార్ఖానా బస్తీ వైపు నుంచి లేపేస్తే ఇటు వచ్చాడని తర్వాత తెలిసింది. మనిషి తలుపంత. చేతిలో బోండాలు కొట్టే కత్తి. దాన్ని అతను ఎక్కడా పెట్టేవాడు కాదు, మాట్లాడుతున్నా చేతిలోనే ఉండేది. బ్రహ్మచారి సంచిని కాలితో తట్టి అడిగాడు.

"ఏయ్ చాబీ, ఇది ఎవ్వలిది?"

బ్రహ్మచారి కత్తి వంక చూశాడు. అంతకు కొన్ని వారాల ముందే పక్క వీధిలో చోటు గురించి కొట్టుకుని ఒకడు ఇంకొకడి మొహం మీద తూకపురాయి విసిరాడు. దెబ్బ తిన్నవాడి కన్ను పోయింది. బ్రహ్మచారి అక్కడే ఉన్నాడు. ఆ మనిషి రోడ్డు మీద కూర్చుని రెండు చేతులతో మొహం పట్టుకోవడం చూశాడు.

"సంచి నాదే అన్నా."

"సంచి సంగతి కాదు. జాగ ఎవ్వలిది?"

"ఎవ్వలిది కాదు అన్నా" అన్నాడు బ్రహ్మచారి. సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను విన్నాను. మిషన్ ఆపి విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, నిజం చెప్పాలంటే నేనూ ఆ కత్తి చూసి షాపులోంచి కదల్లేదు.

బుధవారం బాలమ్మ పూలబుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. తన చోట బండి, బండి మీద బోండాలు, బండి వెనక బాబూరావు. బ్రహ్మచారి వైపు చూసింది. అతను తల దించుకుని తాళంచెవిని ఆకురాయితో రాకుతూనే ఉన్నాడు. అప్పటికి చెవి అయిపోయింది, పళ్ళు కూడా అరిగిపోతున్నాయి, అయినా రాకుతున్నాడు. ఆమె అరవలేదు. "నువ్వేనా కొడుకా" అని ఒక్క మాట అని ముందుకి వెళ్ళింది. ఆ చివర, కాలువ మూత పక్కన ఖాళీ ఉంది. అక్కడ కూర్చుంది. వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని, "కాలువ మీద పెట్టిన పూలు దేవుడికి ఎట్ల పెడతం అవ్వా" అని దాటిపోయేవాళ్ళు. సాయంత్రాలు ఆమె మల్లెపూలు వాడిపోయి, బుట్టతోనే వెనక్కి పోయేవి. బ్రహ్మచారితో మాట్లాడడం మానేసింది.

ఇంక అప్పటి నుంచీ ఆ ఫుట్‌పాత్ మీద బతుకు ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు. బాబూరావు ఒకరి చోటు లాక్కోగలిగాడు కదా, ఇంక ఎవరి చోటుకి దిక్కేముంది? అందరికీ అందరి మీదా అనుమానం పట్టుకుంది. తెల్లవారక ముందే వచ్చి కూర్చోవడం, చీకటి పడ్డాక ఆఖర్న లేవడం. ఒకడు ఇనప ఊచ నాటాడు. ఒకడు సిమెంటు ఇటుకలు పేర్చాడు. టీకి లేచేవాడు లేడు. అన్నం తినడానికి పక్కకి జరిగేవాడు లేడు. బేరానికి వచ్చినవాళ్ళని చూడ్డం మానేసి పక్కవాడి మోకాలు తన టైలు మీదకి వచ్చిందా లేదా అని చూసుకోవడమే పనైపోయింది. సందడిగా ఉండాల్సిన చోటు కాస్తా గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్న మనుషుల వరస అయింది. మధ్యలో బాబూరావు కత్తి టక్కుటక్కుమని బోండాల మీద పడుతుండేది. పడిన ప్రతిసారీ బ్రహ్మచారి భుజం ఉలిక్కిపడేది. నేను లోపల కూర్చుని ఆ భుజాన్నే చూస్తుండేదాన్ని. చూసి చూసి నాకూ గుండెదడ పట్టుకుంది.

అందరికీ ఇబ్బందే గానీ బ్రహ్మచారికి ప్రాణం మీదకి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. దాహం ఆగదు, నీళ్ళు తాగితే ఇంకోటి ఆగదు. పబ్లిక్ టాయిలెట్ సిగ్నల్ దాటి బస్టాపు దగ్గర ఉంది. మా కాంప్లెక్సులో బాత్రూముకి ఓనరు తాళం వేసుకుని చెవి జేబులో పెట్టుకు తిరుగుతాడు. నేనే పక్క సందులో తెలిసినవాళ్ళింటికి పోతాను. పాపం బ్రహ్మచారి నీళ్ళు తాగడం మానేశాడు. నాలిక పిడచకట్టుకుపోయి, పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయాయి. అయినా అవసరం ఆగదు కదా. మోకాళ్ళు దగ్గర పెట్టుకుని, చెమటలు కక్కుతూ, బాబూరావు ఉన్న కుడివైపు చూడకుండా ఎడమవైపు జకర్యాని చూసేవాడు.

ఒకరోజు ఇంక పట్టలేక నోరు విప్పాడు. "జకర్యా, జెర నా జాగ చూస్తవా? ఇట్ల పోయి అట్ల వస్త."

"చూస్త అన్నా. కని నేను లేస్తే నా జాగ ఎవరు చూస్తరు? పొద్దటిసంది నాకు సుత కడుపుల ఏం పడలే."

"నేను చూస్త."

"బాలమ్మకు చూసినట్టా?" అన్నాడు జకర్యా.

ఆ మాటకి బ్రహ్మచారి మొహం మాడిపోయింది.  కానీ లోపలి బాధ సిగ్గుకంటే పెద్దది. "నన్ను నమ్మకు. నేను పిరికోన్ని. కత్తి చూపిస్తే మళ్ళ అట్లనే అంట. గందుకే ఒకటి చెయ్యి. నా ఆకురాయి నీ దగ్గర పెట్టుకో. అది లేకుంటే నేను పని చెయ్యలేను. నీ కంటి అద్దం నాకియ్యి. అది లేకుంటే నువ్ పని చెయ్యలేవు. నేను నీ జాగ పోగొడితే నా ఆకురాయి నువ్వియ్యకు. నువ్ నా జాగ పోగొడితే నీ అద్దం నేనియ్య."

వాచీలు విప్పేటప్పుడు కంటికి పెట్టుకునే నల్లటి చిన్న భూతద్దం అది. జకర్యా కొంచెం ఆలోచించి ఇచ్చాడు. బ్రహ్మచారి దాన్ని పిడికిట్లో పట్టుకుని, వెనక్కి చూసుకుంటూ, సిగ్నల్ వైపు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి చోటు చోటుగానే ఉంది. ఆకురాయి తీసుకుని అద్దం ఇచ్చాడు. తర్వాత జకర్యా లేచి అద్దం బ్రహ్మచారికి ఇచ్చి, ఆకురాయి తీసుకుని తినడానికి వెళ్ళాడు.

అది స్నేహం కాదు, మంచితనం అంతకన్నా కాదు. అచ్చంగా భయం. కానీ రెండు భయాలు ఎదురెదురుగా కూర్చుని చేతులు కలిపితే ఇద్దరికీ అన్నం తినే వీలు దొరికింది. వారం తిరక్కుండా ఆ వరసంతా అదే పద్ధతి. బూట్లు కుట్టేవాడి తోలు పొడిచే ఆరె పట్టుకుని జేబురుమాళ్ళమ్మేవాడు టీకి పోతాడు. బాలమ్మ తన దారం ఉండ పక్కవాడికి ఇచ్చి పోతుంది. ఇనప ఊచలు పీకేశారు. మళ్ళీ నవ్వులు వినిపించాయి. నేను కూడా సరదాపడి, "బ్రహ్మచారీ, జకర్యా లేనప్పుడు నాకు చెప్పు, నేను చూస్తాలే" అన్నాను. "నీకు షట్టరున్నదక్కా. నీ జాగ ఎటూ పోదు. నువ్వేం తాకట్టు పెడతవ్?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పోగొట్టుకునేదేమీ లేనివాళ్ళ మాటకి విలువ ఉండదని ఆ పిరికివాడు నా మొహం మీదే చెప్పాడు మరి.

బాబూరావు ఒక్కడే ఆ పద్ధతిలో లేడు. అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు. కత్తి ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. ఒక సంగతి మాత్రం నేను గమనించాను. అందరూ టీలకి లేస్తున్నారు, అతను లేవడం లేదు. బండి పక్కనే తింటాడు, బండి చక్రానికి ఆనుకునే కునుకు తీస్తాడు. ఒక కన్ను ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

గుడ్ ఫ్రైడే రోజు జకర్యా చర్చికి పోయాడు. ముందురోజే బ్రహ్మచారికి అద్దం ఇచ్చి, అతని పెద్ద ఆకురాయి తీసుకెళ్ళాడు. ఎండ మండిపోతోంది. ఉదయం బేరాలు ఊపందుకునే వేళకి బాబూరావు ఫోన్ మోగింది. విన్నాడు. మొహం పాలిపోయింది. అతని భార్యకి నెలలు నిండకుండానే నొప్పులు, నెత్తురు పోతోంది, దవాఖానకి తీసుకుపోయారట. బండి నిండా బోండాలు. అటూ ఇటూ చూశాడు. అంత పెద్ద మనిషీ ఫుట్‌పాత్ మీద తిక్కపట్టినట్టు తిరిగాడు. వెళ్ళాలి, కానీ వెళితే తిరిగొచ్చేసరికి బండి రోడ్డు మీద ఉంటుందని అతనికి తెలుసు. చోటు ఎలా పోతుందో అతనికంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

చివరికి వచ్చి బ్రహ్మచారి ఎదురుగా నిలబడ్డాడు. బ్రహ్మచారికి పై ప్రాణాలు పైనే పోయాయి. బాబూరావు కత్తి తిప్పి, పిడి అతని వైపు పెట్టి చాచాడు.

"ఇది నీ దగ్గరుంచు. నా జాగ జెర చూడు చాబీ. నీ కాళ్ళు మొక్కుత."

 బ్రహ్మచారికి వద్దంటే ఏమవుతుందో భయం. తీసుకుంటే ఏమవుతుందో ఇంకా భయం. చివరికి తీసుకున్నాడు. పద్ధతి పద్ధతే గనక తన దగ్గర మిగిలిన చిన్న ఆకురాయి తీసి బాబూరావు చేతిలో పెట్టాడు. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు. బ్రహ్మచారికి ఆ కత్తిని చూస్తేనే భయం, గోనెపట్టా కింద దాచేసి దాని మీద కూర్చున్నాడు.

ఆటో మలుపు తిరిగిందో లేదో, వరసలో గుసగుసలు మొదలయ్యాయి. వెంటనే బాలమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు.

"లే బ్రహ్మయ్యా. బండి తోసెయ్యనియ్యి. ఇదే మోఖా. నా జాగ నాకు కావాలె."

బ్రహ్మచారి పట్టాని ఇంకా గట్టిగా అదిమి కూర్చున్నాడు. "అవ్వా... నేను మాటిచ్చిన. కత్తి తీసుకున్న."

"నాకియ్యలేదా మాట? సంచి పెడతనంటివి. నాకిచ్చిన మాట మాట కాదా? వానికి కత్తున్నదని వాని మాట పెద్దదా?"

దీనికి ఏం జవాబు చెబుతారు మీరు?  ఆమె అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు. వెనకాల ఉన్నవాళ్ళు అప్పుడే బండి చక్రాల కింది ఇటుకలు తీస్తున్నారు. బ్రహ్మచారి లేచి బండికి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడ్డాడంటే వీరుడిలా కాదు, రెండు చేతులతో బండి పట్టుకుని వేలాడాడు.  కళ్ళమ్మట నీళ్ళు.

"నీ జాగనే అవ్వా. ముమ్మాటికీ నీదే. నేనే పోగొట్టిన. గందుకే నా జాగ తీస్కో. నా జాగల కూసో. బండి మాత్రం ముట్టనియ్య. మనిషి లేనప్పుడు ముట్టనియ్య."

పెట్టె తీశాడు. గోనెపట్టా తీశాడు. కత్తి బయటపడితే అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అతను దాన్ని పట్టాలో చుట్టి బండి కింద పెట్టేశాడు. బాలమ్మ ఆ ఖాళీ టైల్స్ వంక చాలాసేపు చూసింది. తర్వాత బుట్ట దించి కూర్చుంది. అంతకుముందు చివర కాలువ దగ్గర కొనకుండా దాటిపోయినవాళ్ళే వచ్చి ఆమె దగ్గర పూలు కొనుక్కున్నారు.

బ్రహ్మచారికి ఇప్పుడు తన చోటు లేదు. చేయాల్సిన కాపలా మాత్రం రెండు చోట్లకి, బాబూరావుదీ జకర్యాదీ. లేస్తే బండి తోసేస్తారు. బాలమ్మని అడగడానికి మొహం చెల్లదు. మధ్యాహ్నం దాటింది. అతను బండి పక్కన నేల మీద కూర్చుని మోకాళ్ళు బిగబట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. దగ్గరికి పోయి, "నేను కూర్చుంటాను, వెళ్ళిరా. తాకట్టు కావాలా? ఇదిగో నా షట్టరు తాళంచెవి" అని ఇవ్వబోయాను. పాము మీద పడ్డట్టు వెనక్కి జరిగాడు.

"వద్దక్కా! తాళంచెవి వద్దు. రేపు నీ షాపుల గుండుసూది పోయినా ముందు నా కోసమే వస్తరు. నాయన చెయ్యి చూసిన నేను."

ఇంక నేనేం చేయను? వెనక్కొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. కుట్టు వంకరపోయింది. కాసేపటికి చూస్తే అతను ఊగడం ఆపేశాడు. తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ప్యాంటు తడిసి, టైల్స్ మీద సన్నగా నీళ్ళు పారుతున్నాయి. కూతురు కాలేజీకి వెళ్ళే వయసున్న మనిషి, పట్టపగలు, నడిబజార్లో. ఎవరూ నవ్వలేదు. బూట్లు కుట్టేవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బాలమ్మ పూలు కట్టడం ఆపి, పూల మీద చల్లే నీళ్ళ చెంబు అతని పక్కన పెట్టి వచ్చింది, మాట్లాడకుండానే.

ఎండ తగ్గే వేళకి బాబూరావు ఆటో దిగాడు.  ఇటుకలు తీసి ఉన్నాయి. చాబీవాడి చోట బాలమ్మ ఉంది. చాబీవాడు తడిబట్టలతో నేల మీద ఉన్నాడు. చూడగానే అతనికి ఏదో జరిగిందని అర్థమైంది. బ్రహ్మచారి బండి కింద నుంచి పట్టా తీసి, విప్పి, కత్తి రెండు చేతులతో ఇచ్చాడు. బాబూరావు తీసుకున్నాడు. 

"ఎవడు బండిని ముట్టింది?"

 బాలమ్మ లేచి నిలబడింది.  "నేనే. నువ్ నిలవడ్డది నా జాగ. మా అత్త కూసున్న జాగ."

"ఆనాడు ఎవ్వలిదని అడిగిన గదా. ఎవ్వలిది కాదన్నడు చాబీ."

అందరి చూపులూ బ్రహ్మచారి మీద పడ్డాయి. పారిపోతాడనుకున్నాను. అతను బాబూరావు మొహం చూడలేదు, కత్తినే చూస్తూ చెప్పాడు.

"అబద్ధం చెప్పిన అన్నా. భయమై చెప్పిన. అది బాలమ్మవ్వది. ఇప్పుడు సుత భయమైతుంది. కని అది ఆమెదే."

బాబూరావు కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.  అతను కొడతాడని అందరం అనుకున్నాం. కొట్టలేదు. చుట్టూ చూసి అడిగాడు.

"మరి నాదేది?"

ఆ గొంతులో బెదిరింపు లేదు. కార్ఖానాలో లేపేస్తే ఇటొచ్చాడు. ఇక్కణ్ణుంచి లేపేస్తే ఎటు పోవాలి? ఆ తలుపంత మనిషి బెదిరిపోయి ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. మొదటి రోజు నుంచీ బెదిరిపోయే ఉన్నాడేమో, కత్తి అడ్డం వచ్చి మాకు కనపడలేదు.

 చూపులు మెల్లమెల్లగా ఎడమవైపు తిరిగాయి. అక్కడ జకర్యా చోటు ఖాళీగా ఉంది. మనిషి లేడు. పెట్టె లేదు. శుభ్రంగా, ఎర్రగా, ఎవరిదీ కానట్టుంది. బాబూరావు కూడా అటే చూశాడు. ఒక అడుగు అటు వేశాడు. అడ్డుపడదామని ఒక్కరికీ అనిపించలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు కూడా హమ్మయ్య అనిపించింది.

బ్రహ్మచారి ఒక్క ఉదుటున లేచాడు. తడిబట్టలు కాళ్ళకి అతుక్కుంటుంటే తూలుకుంటూ పోయి, కత్తి కంటే ముందు ఆ టైల్స్ మీద కూలబడ్డాడు. జేబులోంచి అద్దం తీసి పిడికిట్లో పైకెత్తి పట్టుకున్నాడు. 

"ఇది జకర్యాది! పొద్దుగాల వస్తడు. ఇది జకర్యాది అన్నా!"

"మరి నాదేదిరా?" బాబూరావు అరిచాడు.

"తెల్వదు. నాకు తెల్వదు. రేపు అందరం కూసుందం. నువ్వుండంగనే మాట్లాడుదం." బ్రహ్మచారికి ఊపిరి అందడం లేదు. "నువ్ లేనప్పుడు నీ ముచ్చట మాట్లాడం. ఇయ్యాల మాట్లాడనియ్యలే గదా నేను. రేపు సుత మాట్లాడనియ్య."

బాబూరావు బండి వంక చూశాడు. దాని మీద బోండాలు ఉదయం ఎలా పేర్చాడో అలాగే ఉన్నాయి. తడిసిన టైల్స్ వంక చూశాడు. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తడిసిందో చూశాడు, చాబీ బండి పక్కనుంచి ఒక్క అడుగు కదల్లేదని అర్థమైనట్టుంది. మెల్లగా ఫుట్‌పాత్ అంచున కూర్చుని మెడమీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఆ పెద్ద భుజాలు కదిలాయి.

"ఆడపిల్ల పుట్టింది" అన్నాడు తువ్వాలు లోపల్నుంచే. "గుప్పెడంతనే ఉన్నది. అద్దాల పెట్టెల పెట్టిన్రు. మళ్ళ పోవాలె, రాత్రి ఆడనే ఉండాలె."

బాలమ్మ వెళ్ళి అతని పక్కన నిలబడింది. అతను లేచి, బండి మీది లుంగీ ఒకటి తీసి బ్రహ్మచారికి విసిరాడు. కత్తి తిప్పి, పిడి ముందుకి పెట్టి, మళ్ళీ చాచాడు. బ్రహ్మచారి వణికే చేత్తోనే అందుకున్నాడు. బాబూరావు చొక్కా జేబు తడిమి, ఆకురాయి ఉందో లేదో చూసుకుని, ఆటో కోసం రోడ్డు మీదకి నడిచాడు.